తాళం తీశాక సంగతులు

ఒరేయ్ మామా,

మన దేశంలో కొన్ని నెలలుండి నేను ఇక్కడి ఇంటికి తిరిగొచ్చినప్పుడు, "చేరావా? సెటిలయ్యావా?" అని నువ్వు మెసేజ్ పెట్టి చాలా రోజులైంది. చేరానని అప్పుడే కొట్టాను గానీ, రెండోదానికి ఒక్క ముక్కలో జవాబు తట్టక వదిలేశాను. ఇవాళ కాస్త తీరిక దొరికింది. వచ్చే నెల నువ్వూ తిరిగొచ్చి ఇదే పని మీద ఉంటావు కాబట్టి, నీకు పనికొచ్చేవీ కలిపి రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

తలుపు తీయగానే ముందు తగిలింది వాసన. పాత కాగితాలు, చెక్క, మూసిపెట్టిన బీరువా అన్నీ కలిసిన వాసన. రోజూ ఉన్నన్నాళ్లూ ముక్కు దాన్ని లెక్కచేయదు. కొన్ని నెలలు దూరంగా ఉండి వస్తే తప్ప, మన ఇంటికీ ఒక వాసన ఉందని మనకి తెలీదు. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా సూట్‌కేసు పట్టుకుని గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయాను. గంట తిరక్కుండా అది మాయమైంది. ఇప్పుడు కావాలని పీల్చినా దొరకట్లేదు.

దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. అది మాత్రం అచ్చంగా కంపే, బాత్రూం డ్రెయిన్ లోంచి. సింకు కింద పైపు వంపు తిరిగి ఉంటుంది చూడు, ఆ వంపులో కాసిని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండి మురుగు గాలిని పైకి రానివ్వవు. ఇల్లు నెలల తరబడి మూసి ఉంటే ఆ నీళ్లు ఆవిరైపోతాయి, ఇక అడ్డేముంది. ప్లంబర్ని పిలవకు. నేలమీది జాలీతో సహా ప్రతి డ్రెయిన్లోనూ ఒక మగ్గు నీళ్లు పొయ్యి, చాలు. టాయిలెట్‌కి ఇలాంటి వంపు పైపు పెట్టి 1775లో పేటెంట్ తీసుకున్న అలెగ్జాండర్ కమింగ్ గడియారాలు చేసేవాడట. ఆయనకి ఇటు ఎందుకు ధ్యాస మళ్లిందో గానీ పుణ్యం కట్టుకున్నాడు.

కుళాయి తిప్పితే ముందు దగ్గినట్టు గాలి, తర్వాత తుప్పు రంగు నీళ్లు, ఆ తర్వాతే మామూలు నీళ్లు వచ్చాయి. అలిసిపోయి వచ్చాం కదా అని నేరుగా షవర్ కింద నిలబడకు. పైపుల్లో నిలవున్న నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరగొచ్చు, 20 నుంచి 45 డిగ్రీల మధ్య వేడి దానికి బాగా అనుకూలం. ఆ నీళ్ల తుంపర్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే అసలు ప్రమాదం. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన సమావేశానికి వచ్చిన మాజీ సైనికులు వరసపెట్టి జబ్బుపడ్డాకే దీని సంగతి బయటపడింది. కంగారుపడాల్సిందేం లేదు. కిటికీ తెరిచి, షవర్ తలకి గుడ్డ చుట్టి, చన్నీళ్లూ వేణ్నీళ్లూ కొన్ని నిమిషాలు వదిలెయ్. మా ఆవిడ నన్ను చూసి నవ్వింది గానీ, స్నానానికి మాత్రం ఆ తర్వాతే వెళ్లింది.

ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి వెళ్లాం కాబట్టి బూజు పట్టలేదు. కారు బ్యాటరీ చచ్చిపోయింది, అది తెలిసిందే. ఉత్తరాల కుప్పలో సగానికి పైగా ప్రకటనలే.

ఇల్లు ఇలా రెండ్రోజుల్లో దారికొచ్చింది. ఒళ్లే మొండికేసింది. సాయంత్రం కాగానే కళ్లు మూతలు పడతాయి, రాత్రి మూడింటికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వస్తుంది. పడమటికి వచ్చాం కాబట్టి నిజానికి ఇది నయం. మనిషి లోపలి గడియారం ఒక చుట్టు తిరగడానికి సగటున 24 గంటల 11 నిమిషాలు తీసుకుంటుందని 1999లో తేల్చారు. దానికి రోజుని సాగదీయడం తేలిక, కుదించడం కష్టం. అందుకే రోజు కుదించుకుపోయే తూర్పు ప్రయాణంలో ఎక్కువ అవస్థ పడతాం. రెండు దేశాల టైముల మధ్య ఒక్కో గంట తేడాకీ, ఒళ్లు సర్దుకోడానికి ఇంచుమించు ఒక రోజు చొప్పున వేసుకో. సాయంత్రం సోఫాలో కూలబడకుండా వెలుతురున్నంతసేపు బయట తిరుగు. నాకు పనిచేసింది అదొక్కటే.

అసలు చెప్పాలనుకున్నది ఈ రాత్రి మూడింటి మెలకువ సంగతే. సరిగ్గా ఆ వేళకే "అసలిక్కడ ఏం చేస్తున్నాం? అన్నీ సర్దేసి వెళ్లిపోతే?" అన్న ఆలోచన వచ్చి కూర్చుంటుంది. ఒక రాత్రి ల్యాప్‌టాప్ తెరిచి లెక్కలే వేసేశాను: ఉద్యోగం, ఇంటి లోను, పిల్లల బడి, అన్నీ. పొద్దున పదింటికి అదే షీట్ చూస్తే అంకెలన్నీ కరెక్టే, వేసినవాడి తొందరే తేడాగా కనిపించింది. ఆవిడకి చూపిస్తే "ముందు నువ్వు రాత్రి పూర్తిగా నిద్రపో, తర్వాత దేశం మారుద్దాం" అంది. నిద్ర కుదిరాక ఆ ప్రశ్న పోయిందా అంటే పోలేదు. కానీ ఇప్పుడది పగలు వస్తోంది, ఇద్దరం కూర్చుని మాట్లాడుకునేటట్టు ఉంది. నిద్ర కుదిరేదాకా నువ్వు కూడా ఎవరికీ ఏ మాటా ఇవ్వకు.

దీని మీదా పరిశోధనలు ఉన్నాయిరా. అమెరికా వెళ్లొచ్చిన నార్వే స్కాలర్లని అడిగి, పరదేశంలో మనసు ముందు ఉత్సాహంగా ఉండి, దిగజారి, మళ్లీ లేస్తుందని 1955లో లిస్‌గార్డ్ అనే ఆయన అన్నాడు, 'యు' అక్షరంలాగా. తిరిగి సొంతదేశం వెళ్లినప్పుడు మళ్లీ అదే జరుగుతుందని 1963లో గల్లహార్న్ దంపతులు ఇంకో 'యు' తగిలించి దాన్ని 'డబ్ల్యు' చేశారు. అందరికీ ఈ గీత సరిపోదని తర్వాతివాళ్లు తేల్చారు. నా అభ్యంతరం వేరు. ఆ బొమ్మలో ఇల్లు ఒక్కటే, ఒకసారి వెళ్లడం, ఒకసారి రావడం. మనకి ఏ వైపు విమానం ఎక్కినా ఇంటికే వెళ్తున్నాం, ఏ వైపు దిగినా ఇల్లు వదిలే వచ్చాం. ఎన్ని 'డబ్ల్యు'లు గీస్తారు?

చిన్న చిన్నవి ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. చీకట్లో చెయ్యి అక్కడి ఇంటి స్విచ్ ఉన్న చోటికే పోతోంది, ఇక్కడ ఆ చోట ఉత్త గోడ. రోడ్డు దాటేటప్పుడు ముందు తప్పు వైపుకే చూస్తున్నాను, ఇది మాత్రం జాగ్రత్త. ఆఫీసులో "ట్రిప్ ఎలా జరిగింది?" అని అందరూ అడుగుతారు, లిఫ్ట్ దిగేలోపు ముగించాలి. "బాగా జరిగింది" అని చెప్పి ఊరుకుంటున్నా. మొత్తం వినిపించడానికి నువ్వున్నావుగా, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

నీ ఫ్లైట్ వివరాలు పంపు. దిగిన రోజు కారు స్టార్ట్ కాకపోతే నాకు ఫోన్ చెయ్, కేబుళ్లు నా డిక్కీలోనే ఉన్నాయి. అన్నట్టు, నీ పవర్ బ్యాంక్ నా బ్యాగులో వచ్చేసింది. అక్కడ ఇల్లంతా వెతక్కు.

ఉంటా మరి.