రేవు మారుస్తున్నాం, అందుకే కయాకింగ్ ఆలస్యం

నది ఒడ్డు పార్కులో ఈ సీజన్‌కి కయాకింగ్ మొదలవుతుందని చెప్పి మీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాం. మొదలుపెట్టలేకపోతున్నాం. ఎందుకో మీకు దాచకుండా చెప్పాలి.

పడవలు దించే రేవును నది వంపులో బయటి ఒడ్డున కట్టాం. అక్కడ లోతు ఎక్కువ, కయాక్ అడుగు నేలకు తగలదు, అదే మంచి చోటనుకున్నాం. కానీ వంపు దగ్గర నీటి వడి బయటి ఒడ్డునే కోస్తుంది. వేగం రెట్టింపైతే నీటి తోపు నాలుగింతలవుతుంది. ఒక్క వరదకే మెట్ల కింద మట్టి కొట్టుకుపోయింది. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉంది. వంగి చెయ్యి పెడితే మోచేతి దాకా లోపలికి పోయింది. మట్టిని పట్టి ఉంచే పొదల్ని రేవు కోసమని మేమే కొట్టించాం. తప్పు మాదే.

పోనీ లోపలి ఒడ్డుకు మారుద్దామంటే అక్కడ ఇసుక మేట వేస్తుంది, తవ్వుతూనే ఉండాలి. అందుకే వంపు దాటాక, నది తిన్నగా, నిదానంగా పారే చోట కొత్త రేవు కడుతున్నాం. దానికి ఎగువన ఒక చెట్టు నీళ్లలోకి ఒరిగి ఉంది. కొమ్మల సందుల్లోంచి నీళ్లు వెళ్లిపోతాయి గానీ మనిషైనా పడవైనా ఇరుక్కుపోతారు. దాని నీడలో చేపపిల్లలు దాక్కుంటాయి కాబట్టి నరకట్లేదు. మన పడవలు మాత్రం అటు వెళ్లవు.

కాలిబాట సిద్ధమైంది. గట్టులో లకుముకి పిట్టల బొరియలు కనబడ్డాయని ఒక చోట కాస్త వెనక్కి జరిపాం.

పిల్లల ప్రకృతి పాఠాలు ఆగలేదు. మొన్న అడుగున రాళ్లు తిప్పి, దొరికిన పురుగుల్ని తెల్లటి ట్రేలో వేశాం. తూనీగ పిల్ల కదలకుండా కూర్చుని, చిన్న పురుగు దగ్గరికి రాగానే కింది పెదవిని ముందుకు విసిరి లటుక్కున పట్టేసింది. పిల్లలు ఒక్కసారిగా వెనక్కి దూకి, మళ్లీ ట్రే మీదికి వంగారు. ఈ పార్కు పెట్టింది నాకైతే ఆ క్షణం కోసమే.

కొత్త రేవు ఒక వరదను తట్టుకున్నాకే కయాకింగ్ తేదీ చెబుతాను. అడ్వాన్స్ వెనక్కి కావాలంటే ఒక్క మెసేజ్ పెట్టండి, మొత్తం ఇచ్చేస్తాం. ఈలోగా నడకకో పాఠాలకో వచ్చేవాళ్లు తడిసినా పర్వాలేని చెప్పులు వేసుకుని రండి.