పేరు పెట్టారు సరే, కుండలో నీళ్లేవి?

సంపాదకుల వారికి,

ఎండాకాలంలో తానే చలివేంద్రం నడిపిన ఒకావిడ జ్ఞాపకార్థం పెట్టిన కొత్త చలివేంద్రం ప్రారంభోత్సవం గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వేసిన వార్త మీద రాస్తున్నాను. ఆవిడ ఎవరో, ఏ బస్టాపు దగ్గరో తిరుపతిలో అందరికీ తెలుసు కాబట్టి ఆ వివరాల జోలికి పోను. 'ఉత్తమ ఇల్లాలు, ఆదర్శ మాతృమూర్తి, సేవామూర్తి' అని ఆమెకు మూడు బిరుదులిచ్చి, మిగతా వార్తంతా రిబ్బను కత్తిరించిన వాళ్ల పేర్లతో నింపేశారు. ఆమె చేసిన పనేమిటో ఒక్క వాక్యం లేదు. ఫ్లెక్సీలోనూ అంతే, నాయకుల తలకాయల మధ్య ఆమె ఫొటోను వెతుక్కోవాలి. నాలుగో రోజుకే కుండలు ఎండిపోయాయి. తర్వాత మూతలు, గరిటె మాయమయ్యాయి. ఫ్లెక్సీ మాత్రం భద్రంగా ఉంది.

నాలుగు కుండలు వరసగా పెడితే చలివేంద్రం అయిపోతుందనుకునే పెద్దలు, ఆమె ఆ పని ఎలా చేసేదో కాస్త తెలుసుకుంటే మంచిది.

శివరాత్రి వెళ్లగానే కుండలు కొనేది. కొత్త కుండను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మొదట్లో రెండుసార్లు పోసిన నీళ్లు పారబోసేది. లేకపోతే మట్టివాసన వదలదు. కుండ కింద జానెడు మందాన ఇసుక, చుట్టూ గోనెపట్టా, రెండూ ఎప్పుడూ తడిగా ఉండాల్సిందే. కుండ ఒంట్లోంచి ఊరిన నీరు ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. అందుకని నీడా కావాలి, గాలీ ఆడాలి. మరి మనవాళ్లు? ఫొటోకు బాగుంటుందని కుండలకు పెయింటు కొట్టించారు. రంగు పడ్డాక ఇక ఊరేదెక్కడ? పైన రేకుల కప్పు, మూడు వైపులా ఫ్లెక్సీలు కట్టి గాలి కూడా ఆపేశారు. మధ్యాహ్నానికి ఆ నీళ్లతో కాళ్లు కడుక్కోవచ్చు, తాగలేం.

సబ్బు పెట్టి కుండ తోమితే మట్టి ఆ వాసన పీల్చేస్తుంది. ఆమె కొబ్బరిపీచూ రాళ్లుప్పుతో రుద్ది ఎండలో బోర్లించేది. బోరునీళ్లు పోస్తూ ఉంటే కొన్నాళ్లకు కుండ బయట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, ఆపైన చల్లదనం తగ్గిపోతుంది. అలాంటి కుండ పక్షుల నీళ్లకు పోయేది, దాని చోటికి కొత్తది వచ్చేది. ఏ కుండ ఎప్పుడు కొన్నదీ, ఎప్పుడు తోమిందీ వాళ్ల వంటింటి క్యాలెండరు గడుల్లో పెన్సిలుతో రాసి ఉండేది, గ్యాసు సిలిండరు తేదీ పక్కనే.

లెక్క కూడా చూడండి. ఇరవై లీటర్ల కుండంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులు వంద. నాలుగు కుండలకు నాలుగొందలు. బస్సులు ఆగే చోట మే నెలలో పదకొండు కొట్టకముందే అయిపోతాయి. అప్పటికప్పుడు పోసినవి వెంటనే చల్లబడవు కాబట్టి రెండు కుండల్లోంచి తీస్తుంటే రెండు ఆగాలి. నిన్నటి నీళ్లు అడుగున మిగిలితే చెట్టుకు పోసెయ్యాలి, వాటి మీదే కొత్తవి నింపకూడదు. కుళాయి నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలంటారు. నిలవుంటే అదీ పోతుంది. ఇక గ్లాసు ముంచనిచ్చేదే కాదు, పొడుగు కాడ గరిటెతో తనే పోసేది. కొత్త చలివేంద్రంలో ప్లాస్టిక్ గ్లాసులు పెట్టారు. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించినవే. టీ బంకుల వాళ్లకు వాటి మీద జరిమానా వేసేది ఎవరో చెప్పాలా?

మజ్జిగ సంగతి. రాత్రి ఐదు లీటర్ల పాలు తోడుపెడితే తెల్లారి లీటరు పెరుగుకు నాలుగైదు లీటర్ల నీళ్లు. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి వేసి వడకట్టడం. స్టీలు పాత్ర తప్ప ఇత్తడి, రాగి పనికిరావు, పులుపుకు చిలుమెక్కుతాయి. ఎండ ముదిరితే పులిసిపోతుంది కాబట్టి అంతా ఒకేసారి కలపదు. గంగమ్మ జాతర రోజుల్లో అంబలి. రాగిపిండి ముందురోజే కలిపి పులియబెట్టి, నూకలు ఉడికాక పోసి, ఉండకట్టకుండా తిప్పి, పూర్తిగా చల్లారాకే మజ్జిగ. వేడి మీద పోస్తే విరుగుతుంది. ఎవరైనా వడదెబ్బకు పడిపోతే ముందు నీడలోకి లాగి, మెడకూ చంకలకూ తడిగుడ్డ పెట్టి, 108కి ఫోను చేయించేది. స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోయబోయిన వాళ్లను గట్టిగా తిట్టేది కూడా.

ఇంటాయన స్కూటరు మీద క్యాన్లు మోశాడు, పిల్లలు పరీక్షలు రాసొచ్చి గ్లాసులు కడిగారు. ఇంటిల్లిపాదినీ పనిలోకి దింపిన మనిషి ఆమె. మీ 'ఆదర్శ మాతృమూర్తి'లో అదెక్కడ?

2022 ఏప్రిల్‌లో జిల్లా వేరై కలెక్టరాఫీసు మన ఊళ్లోకే వచ్చింది, సంతోషం. ఎండాకాలం వస్తే మాత్రం మధ్యాహ్నం బయటికి రావద్దని ఫోన్లకు మెసేజీలు. కూలికెళ్లేవాళ్లు, పల్లెల నుంచి ఆసుపత్రికొచ్చేవాళ్లు ఇంట్లో కూర్చోగలరా? రోడ్డు వెడల్పు పేరుతో నీడనిచ్చే చెట్లు కొట్టేసి, ఆ మోడు పక్కనే పర్యావరణ దినోత్సవం బ్యానరు కట్టే కాలం ఇది. ఏం చేసినా శిలాఫలకం ముందు, పని తర్వాత.

ఎండలు జూన్ దాకా తగ్గవు. అప్పటిదాకా ఉదయం ఏడుకు, పదకొండుకు, మధ్యాహ్నం రెండుకు కుండలు నింపే మనిషి ఎవరో, ఆ మనిషికి కూలి ఎవరిస్తారో ముందు ఆ బోర్డు మీద రాయించండి. పెయింటు కుండలు తీసేసి మామూలువి పెట్టండి, పక్క ఫ్లెక్సీలు విప్పండి. ఆమె పేరు తర్వాత రాసుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి