పోషకాహారంలో పీజీ అంటే వంటల కోర్సు కాదు

సంపాదకులకు నమస్కారం.

పోషకాహార శాస్త్రంలో పీజీ చేస్తానంటే ఇంట్లో ‘వంట నేర్చుకోవడానికి రెండేళ్లా?’ అన్నారు. ఇప్పుడు చదువుతున్నాను కాబట్టి చెబుతున్నా, మా రోజులో సగం బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్‌తోనే గడిచిపోతుంది. కిడ్నీ జబ్బు ముదిరినా డయాలసిస్ దాకా రాని మనిషికి ప్రొటీన్ తగ్గిస్తాం, అదే మనిషికి డయాలసిస్ మొదలయ్యాక రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా పెంచాలి, ఎందుకంటే రక్తం శుద్ధి అయ్యేటప్పుడు ప్రొటీన్ తయారయ్యే అమైనో ఆమ్లాలు కూడా బయటికి పోతాయి. చాలా రోజులు తిండిలేక చిక్కిపోయినవాళ్లకు జాలిపడి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు, మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాలుగు వీడియోలు చూసి డైట్ చార్ట్ రాసిచ్చేవాళ్లకు ఇవన్నీ తెలుస్తాయా?

చేరాలనుకునేవాళ్లు కాలేజీ భవనం చూసి మురిసిపోకండి. ఆసుపత్రి వార్డుల్లో ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలుందో, ఆ డిగ్రీతో డైటీషియన్‌గా రిజిస్టర్ అవ్వచ్చో లేదో ముందే అడగండి. డిగ్రీలో కెమిస్ట్రీ లేకపోతే కాస్త చదువుకునే వెళ్లండి, లేదంటే మొదటి సెమిస్టర్ అంతా టెన్షనే. మీ పత్రికలో కోర్సుల వివరాలు ఇచ్చేటప్పుడు దయచేసి ఈ సంగతులు కూడా వేయండి.

– ఒక పీజీ విద్యార్థిని