ఇంటి ధర ఒకటి, కాగితం మీద ధర ఇంకొకటి

సంపాదకులు గారికి,

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో ఇళ్ల ధరలు ఎలా పెరుగుతున్నాయో వివరిస్తూ గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన కథనాన్ని చదివాను. మామునూరు విమానాశ్రయానికి కేంద్రం అనుమతి ఇచ్చిన తరువాత గజం ధర పైకి పోవడాన్ని నగర ప్రగతికి గుర్తుగా అందులో రాశారు. అమ్మేవారితోనూ వెంచర్ల యజమానులతోనూ మాట్లాడిన మీ విలేకరి, జీతం మీద బతుకుతూ బ్యాంకు రుణంతో ఒక్క ఇల్లు కొనుక్కోవాలని తిరిగేవారిని ఒక్కరినీ పలకరించినట్లు లేదు.

మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగులే. గోపాలపూర్, భీమారం, విద్యారణ్యపురి ప్రాంతాల్లో చాలాకాలంగా ఇల్లు వెతుకుతున్నారు. ఎక్కడికి వెళ్లినా మధ్యవర్తి అడిగే మొదటి ప్రశ్న "లోనా, క్యాషా?" అనేదే. ఒక ఇంటికి బయానా ఇచ్చి స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నాక, బ్యాంకు న్యాయవాది లింకు దస్తావేజులు (ఆ ఇల్లు అంతకుముందు చేతులు మారిన పాత పత్రాలు) పరిశీలిస్తుండగానే, మొత్తం నగదు తెచ్చిన మరొకరికి యజమాని ఆ ఇంటిని అమ్మేశాడు. బయానా తిరిగి ఇచ్చాడు కనుక తప్పేమీ లేదని మధ్యవర్తి వాదన. న్యాయ పరిశీలనకు, విలువ కట్టించడానికి బ్యాంకులో చెల్లించిన రుసుములు ఎవరిస్తారు? ఇచ్చిన మాటకు, రాసిన సంతకానికి ఈ ఊళ్లో విలువ లేకుండా పోయిందా?

దీనికి మూలం రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించే మార్కెట్ విలువకు, అసలు ధరకు మధ్య ఉన్న అంతరంలో ఉంది. 80 లక్షలకు బేరం కుదిరిన ఇంటిని దస్తావేజులో 45 లక్షలుగా చూపాలని యజమాని పట్టుబట్టాడనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఇచ్చే గృహరుణం ఇంటి విలువలో 80 శాతం మించరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. దస్తావేజులో రాసిన ధరనే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి బ్యాంకు 36 లక్షలకు మించి ఇవ్వదు. రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం కలిపితే కొనేవారు సొంతంగా 47 లక్షలకు పైగా తేవాలి. అదే ధర ఉన్నదున్నట్లు రాస్తే 64 లక్షల వరకు రుణం వచ్చే అవకాశం ఉంటుంది, రిజిస్ట్రేషన్‌తో సహా 22 లక్షలు చేతిలో ఉంటే సరిపోతుంది. తక్కువ చూపితే రెండున్నర లక్షల సుంకం మిగులుతుందని మధ్యవర్తులు చెబుతారు గాని, అందుకోసం అదనంగా పాతిక లక్షలు ఎక్కడినుంచి తేవాలో చెప్పరు. పైగా రేపు ఆ ఇంటిని అమ్ముకోవలసి వస్తే, కొన్న ధర 45 లక్షలే కనుక, లెక్కలో చూపని 35 లక్షలు కూడా లాభం కింద చేరి 12.5 శాతం పన్ను మన నెత్తిన పడుతుంది. అంటే అమ్మినవాడు ఎగవేసిన పన్నును కొన్నవాడు కట్టాలి.

ఈ తొందర వల్ల మరో నష్టం కూడా ఉంది. రెండు రోజుల్లో డబ్బు తెస్తేనే ఇల్లు మీదని చెబితే, ఈసీ (ఆస్తిపై ఉన్న లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం) తీయించడానికి, ఆ స్థలం నాలా (వాననీటి కాలువ) హద్దులో ఉందో లేదో విచారించడానికి ఎవరికి వ్యవధి ఉంటుంది? 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ హంటర్ రోడ్డు, నయీంనగర్ ప్రాంతాల్లో ఇళ్లలోకి నీరు చేరినప్పుడు జనం పడ్డ అవస్థ అధికారులు అప్పుడే మరిచిపోయారా?

స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోరాదన్న నిషేధం 2015 నుంచి ఉంది. 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చినట్లు దస్తావేజులో కనబడితే ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సబ్ రిజిస్ట్రార్లను ఆదేశించింది. కాని దస్తావేజులోకి ఎక్కని నగదును ఆ ఆదేశం ఎలా పట్టుకుంటుంది? అది ఆగాలంటే మార్కెట్ విలువలను వాస్తవ ధరలకు దగ్గరగా తెచ్చి, అదే సమయంలో రుసుము శాతాన్ని తగ్గించాలి. 2021 జులైలో విలువలు పెంచినప్పుడు రుసుమును కూడా 6 నుంచి 7.5 శాతానికి పెంచారు. రెండూ ఒకేసారి పెంచితే నిజమైన ధర రాయడానికి ఎవరు ముందుకు వస్తారు?

ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకునే ముందు బిల్డర్ ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలని 2016 నాటి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం చెబుతోంది. పాత ఇల్లు అమ్మే యజమానికి అది వర్తించదు. ఇలాంటి ఒప్పందాలను కూడా నామమాత్రపు రుసుముతో, ఒక్క పూటలో రిజిస్టర్ చేసే ఏర్పాటు ఉండి, ఆ వివరం ఈసీలో కనబడితే, బయానా తీసుకున్న ఇంటిని ఇంకొకరికి అమ్మడం అంత తేలిక కాదు. ఈ మాటను మన ప్రజాప్రతినిధులు శాసనసభలో లేవనెత్తాలి. మీ పత్రిక కూడా ఇకమీదట గజం ధరలు ప్రచురించినప్పుడల్లా, అదే కాలనీకి ప్రభుత్వం నిర్ణయించిన విలువను పక్కనే అచ్చువేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ