రాంబాబుకి, ఒక రికార్డు గురించి

ఒరేయ్ రాంబాబూ,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు కోప్పడకురా. ఇవాళ కూడా కాసేపట్లో స్టేషన్‌కి బయల్దేరాలి. ఇంట్లో అందరూ బాగున్నారు, నాన్నకి షుగర్ అదుపులో ఉంది, చెల్లి పరీక్షలు అయిపోయాయి. మిగతా కబుర్లు కలిసినప్పుడు. ఇది మాత్రం ఇప్పుడే చెప్పకపోతే నా వల్ల కాదు.

ఇంగ్లీషు జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ సొంత పేరు మీద చేసిన మొదటి రికార్డు విన్నాను. 'ఎక్స్‌ట్రాపొలేషన్'. మనకి ఆయనంటే మన సంగీతాన్నీ జాజ్‌నీ కలిపిన శక్తి బృందమే కదా, తబలా జాకీర్ హుస్సేన్ పక్కన కూర్చుని వాయించిన పెద్దాయన. ఇందులో ఆయనకి 27 ఏళ్ళు! 1969 జనవరిలో లండన్‌లో రికార్డు చేశారు. మొత్తం నలుగురే. ఈయన గిటార్, జాన్ సర్మన్ శాక్సోఫోన్, బ్రయన్ ఆడ్జర్స్ బేస్, టోనీ ఆక్స్‌లీ డ్రమ్స్. పియానో లేదు. అందుకే గిటార్‌కి ఎంత చోటు దొరికిందో! తర్వాత ఆయన పెట్టిన మహావిష్ణు ఆర్కెస్ట్రా బృందంలో వినిపించే గర్జన ఇంకా రాలేదు. పొడిగా, పదునుగా, ప్రతి స్వరం విడివిడిగా తెలుస్తుంది. సర్మన్ బ్యారిటోన్, అంటే మంద్రంగా పలికే పెద్ద శాక్సోఫోన్, అందుకున్నాడంటే నేల అదురుతుంది.

'ఆర్జెన్స్ బ్యాగ్' అని ఒకటుంది, ఆవర్తానికి 11 దెబ్బల లెక్కలో నడుస్తుంది. నువ్వు సరదాగా వేసే 11 దెబ్బల అరటికాయ తాళం గుర్తుందా? అచ్చం అదే! నేను వేళ్ళ మీద లెక్కపెడుతూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మన కుర్చీగాడికి మాత్రం చెప్పకు, మళ్ళీ ఆటపట్టించడం మొదలుపెడతాడు.

అసలు సంగతి ఇది కాదురా. తేదీలు చూడు. జనవరి 18న ఈ రికార్డింగ్. సరిగ్గా నెలకి, ఫిబ్రవరి 18న, ఆయన న్యూయార్క్‌లో జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్‌తో 'ఇన్ ఎ సైలెంట్ వే' రికార్డుకి వాయిస్తున్నాడు. ఇంకో పది రోజులకి, ఫిబ్రవరి 28న, మన పాలకొల్లులో మాండలిన్ శ్రీనివాస్ పుట్టాడు! ఎక్కడి లండన్, ఎక్కడి పాలకొల్లు! వాళ్ళ నాన్న సత్యనారాయణగారి మాండలిన్ పట్టుకుని, రుద్రరాజు సుబ్బరాజుగారి దగ్గర నేర్చుకుని, 1978లో గుడివాడలో మొదటి కచేరీ. ఆ పిల్లవాడే పెద్దయి, శక్తిని మళ్ళీ మొదలుపెట్టిన 'రిమెంబర్ శక్తి' బృందంలో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నాడు. మామూలు మాండలిన్‌లో స్వరం మీటగానే చచ్చిపోతుంది, గమకం పలకదు. ఎలక్ట్రిక్ మాండలిన్‌తో దాన్ని నిలబెట్టాడు కదా. ఇద్దరి తీగల్లోనూ కరెంటే...

ఇలా రాస్తుంటే ఒక్కసారిగా దిగులేసింది. 2014 సెప్టెంబర్‌లో 45 ఏళ్ళకే శ్రీనివాస్ వెళ్ళిపోయాడు. తనకంటే 27 ఏళ్ళు చిన్నవాణ్ణి ముందు పంపించుకున్న ఆ పెద్దాయన... సరే, వదిలేయ్.

ఆ రికార్డు చివర్లో 'పీస్ పీస్' వస్తుంది. అందరూ తప్పుకున్నాక ఒక్క గిటార్, అదీ ఎలక్ట్రిక్ కాదు. శక్తి వైపు ఆయన అప్పుడే నడక మొదలుపెట్టాడని నాకనిపిస్తోంది. నువ్వు కాదంటావేమో. ముందు అదే విను. కాదు కాదు, మొదటినుంచీ వరసగా విను, మధ్యలో ఆపకు. అందులోని 'బింకీస్ బీమ్' గురించి కూడా రాద్దామనుకున్నాను, అందులో సర్మన్

ఆటో వచ్చేసింది. పిన్నిగారికి నమస్కారాలు చెప్పు. విన్న వెంటనే రాయి, ఫోన్‌లో చెప్పేస్తే ఒప్పుకోను.

నీ
సత్తి