రేణుకకు, సదస్సుల సంగతి

ఎడిన్‌బరో నుంచి

చి. రేణుకకు మీ అత్త ఆశీస్సులు.

మేమంతా బాగున్నాం. అన్నకు, వదినకు నా నమస్కారాలు చెప్పు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుందో ఈసారి తప్పకుండా రాయి. ఎలిజబెత్ రాకుమారి 17వ శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్‌కు రాసిన ఉత్తరాల మీద నువ్వు చేస్తున్న పనిని బయటి దేశాల సదస్సుల్లో చదవాలంటే ఎక్కడికి పంపాలి, ఎట్లా పంపాలి, డబ్బు ఎట్లా అని అడిగినావు. వరసగా రాస్తా.

ఎక్కడికి అంటే అందరూ ముందు ప్రపంచ తత్వశాస్త్ర మహాసభ పేరే చెప్తారు. అది ఐదేళ్లకోసారి, 2024లో రోమ్‌లో జరిగింది. పోవద్దనను. కానీ అక్కడ ఒకే గంటలో ఎన్నో గదుల్లో పేపర్లు నడుస్తాయి. నీ గదిలో కూర్చున్నవాళ్లలో ఆ ఉత్తరాలు చదివినవాళ్లు ఒకరిద్దరు ఉంటే గొప్ప. నీకు కావలసింది చిన్న సెమినార్. స్కాటిష్ సెమినార్ ఇన్ ఎర్లీ మోడర్న్ ఫిలాసఫీ, డచ్ సెమినార్ ఇన్ ఎర్లీ మోడర్న్ ఫిలాసఫీ ఏటా జరుగుతాయి. వచ్చేవాళ్లు దాదాపు అందరూ 17, 18 శతాబ్దాల మీదే పనిచేస్తారు. పీహెచ్‌డీ విద్యార్థి పేపరూ ప్రొఫెసర్ పేపరూ పక్కపక్కనే ఉంటాయి. బ్రిటిష్ సొసైటీ ఫర్ ద హిస్టరీ ఆఫ్ ఫిలాసఫీ ఏటా జరిపేది ఇంకొంచెం పెద్దది. జర్మనీలో పాడర్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మహిళా తత్వవేత్తల చరిత్రకే ఒక కేంద్రం ఉంది. ఎలిజబెత్, మార్గరెట్ కావెండిష్, ఎమిలీ ద్యు షాట్లే మీద పనికి అంతకంటే సరైన చోటు లేదు. నీ అంశానికి నేనైతే ముందు అక్కడి ప్రకటనలే చూస్తా. స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ మీద చేస్తున్న నీ స్నేహితురాలికి 1974లో మొదలైన హ్యూమ్ సొసైటీ ఉందని చెప్పు, వాళ్ల సదస్సు ఏటా ఒక్కో ఊళ్లో జరుగుతుంది.

అమెరికన్ ఫిలసాఫికల్ అసోసియేషన్‌కు ఈస్టర్న్, సెంట్రల్, పసిఫిక్ అని మూడు విభాగాలు, మూడు సభలు. అక్కడ కొలోక్వియంకు, అంటే పేపర్ చదివి చర్చించే సమావేశానికి, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) చాలదు, 3,000 పదాలకు మించని పూర్తి పేపరే పంపాలి. ఎంపికైతే నీ పేపర్ ముందే చదివి వ్యాఖ్యానం చేసే మనిషిని పెడతారు. మంచి పద్ధతే, కానీ మొదటి అడుగు అక్కడ వద్దు.

ఇప్పుడు అబ్‌స్ట్రాక్ట్. సాధారణంగా 300 నుంచి 500 పదాలు అడుగుతారు. మంచి చదువున్న పిల్లలవి కూడా ఇక్కడే పోతాయి, అంశం వెడల్పు ఎక్కువై. ‘దెకార్త్‌లో మనసు–శరీరం సమస్య’ అని పంపితే, ఈ మనిషికి ఇంకా ప్రశ్న దొరకలేదని కమిటీ అనుకుంటుంది. ‘దెకార్త్, శంకరాచార్యులు: తులనాత్మక పరిశీలన’ అన్నది ఇంకా కష్టం. 20 నిమిషాల్లో ఇద్దరికీ న్యాయం జరగదు, వినేవాళ్లలో చాలామందికి ఒకరే తెలుసు.

నీ దగ్గరున్నదే తీసుకో. 1643 మేలో ఎలిజబెత్ అడిగింది: ఆత్మకు విస్తీర్ణం (చోటు ఆక్రమించే గుణం) లేదు, దేన్నీ తాకలేదు, మరి శరీరాన్ని ఎట్లా కదిలిస్తుంది? దెకార్త్ బరువు సంగతి ఎత్తుకున్నాడు. బరువు రాయిని కిందికి తెస్తుందని అనుకునేటప్పుడు ఒక ఉపరితలం ఇంకొకదాన్ని నెట్టిందని అనుకోం గదా, అట్లాగే ఇదీ అన్నాడు. జూన్‌లో ఆమె జవాబు: పదార్థం కానిదానికి శరీరాన్ని కదిలించే శక్తి ఉందని ఒప్పుకోవడం కంటే, ఆత్మకే పదార్థమూ విస్తీర్ణమూ ఉన్నాయని ఒప్పుకోవడం నాకు సులభం. ఆ ఒక్క వాక్యం మీద నిలబడు. ఆమె భౌతికవాదానికి, అంటే ఉన్నదంతా పదార్థమే అనే వాదానికి, మొగ్గుతోందా, లేక దెకార్త్ జవాబును నమ్మాలంటే ఏం వదులుకోవాలో చూపిస్తోందా? రెండోదే అని నీ వాదమైతే సాక్ష్యం ఆ ఉత్తరంలోనే ఉంది. మీరే తప్పని తోసేసిన బరువు భావన ఇప్పుడు నన్నెట్లా ఒప్పిస్తుందని ఆమె నిలదీస్తుంది. ఇది 20 నిమిషాలకు సరిగ్గా సరిపోయే ప్రశ్న.

రాసేటప్పుడు మొదటి రెండు మూడు వాక్యాల్లోనే ఆ వాక్యమూ అందులోని చిక్కూ రావాలి. దెకార్త్ 1596లో పుట్టినాడని మొదలుపెట్టొద్దు. కమిటీకి తెలిసిన సంగతికి నీ 300 పదాల్లో ముప్పై పోతాయి. తర్వాత ఇదివరకటివాళ్లు ఎట్లా చదివినారో రెండు పక్షాలుగా చెప్పు. ఆ తర్వాత నీ మాట. ‘పరిశీలిస్తాను, చర్చిస్తాను’ అనొద్దు. ‘అట్లా కాదు, ఇట్లా, ఎందుకంటే’ అని తేల్చి రాయి. మన పిల్లలకు ఇదే కష్టం, పెద్దవాళ్ల ముందు తేల్చి మాట్లాడకూడదని పెంచినాం. ఇక్కడ అది వినయంగా కనపడదు, వాదం లేనట్టు కనపడుతుంది. చివర నీకు ఎదురయ్యే గట్టి ఆక్షేపణ ఒకటి, దానికి ఒక్క వాక్యంలో జవాబు.

పుటల సంఖ్యలు దెకార్త్ రచనలన్నిటికీ ప్రామాణిక ముద్రణ అయిన ఆడం–టానరీ సంపుటాల నుంచే ఇవ్వు. ఆ జూన్ వాక్యం 3వ సంపుటం 685వ పుటలో ఉంది. ఇంగ్లీషుకు లిసా షపీరో 2007 అనువాదం వాడు. విద్యార్థుల కోసం సులభం చేసిన పాఠాలు మొదటిసారి చదవడానికి మంచివే కానీ వాటినుంచి ఉటంకించొద్దు. అందులో వాక్యాలు మార్చి రాసినవి, ఒక్క మాట మీద నిలబడే నీ వాదం అక్కడే కూలిపోతుంది. ఆ నాలుగైదు వాక్యాలైనా ఫ్రెంచిలో చూసుకో.

మీ డిపార్ట్‌మెంటులో భారతీయ తత్వం చేసేవాళ్లకు కూడా ఈ సదస్సుల్లో చోటు పెరుగుతోంది. పోలిక చేయాలంటే శంకరుల దాకా పోనక్కర్లేదు. అన్నంభట్టు రాసిన న్యాయ–వైశేషిక పాఠం తర్కసంగ్రహం 17వ శతాబ్దానిదే, మొఘల్ రాకుమారుడు దారా షుకో ఉపనిషత్తులను పారసీకంలోకి తెప్పించింది 1657లో. దెకార్త్ కాలం మనుషుల పక్కన పెట్టదగిన మనుషులు మనకు ఉన్నారు. తర్కసంగ్రహం సంస్కృతంలో చదివినవాళ్లకు ఇది మంచి దారి, ఆ మాట వాళ్లకు గట్టిగా చెప్పు.

రాసిందెవరో తెలియకుండా కమిటీ చదవాలి కాబట్టి పంపేముందు పేరు తీసెయ్యాలి. అబ్‌స్ట్రాక్ట్‌లో తీసేస్తారు, ఫైలు పేరులో మర్చిపోతారు. వర్డ్ ఫైలు వివరాల్లో, దాన్నుంచి చేసిన పీడీఎఫ్‌లో కూడా నీ పేరు ఉండిపోతుంది. అది చూసుకో. ‘నా ఎం.ఫిల్.లో చూపించినట్టు’ లాంటి మాట వద్దు. గడువు పక్కన ‘ఎనీవేర్ ఆన్ ఎర్త్’ (భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఉన్నంతవరకు) అని ఉంటే మన లెక్కలో మరుసటిరోజు సాయంత్రం ఐదున్నర దాకా. ఏమీ రాయకపోతే ఆ ఊరి టైము అనుకో. చలికాలంలో బ్రిటన్ మనకంటే ఐదున్నర గంటలు, ఎండాకాలంలో నాలుగున్నర గంటలు వెనక. ఏదైనా కరెంటును నమ్ముకోకుండా రెండు రోజుల ముందే పంపు.

రెండు రోజుల్లో ‘మీ పేపర్ అంగీకరించాం, 300 డాలర్లు కట్టండి’ అని జవాబొస్తే ఆ పక్కకు పోవద్దు. తత్వశాస్త్రం, మేనేజ్‌మెంటు, నర్సింగు ఒకే సభలో ఉంటే అది నీ సభ కాదు. చిన్న సెమినార్లలో చాలావాటికి రుసుము ఉండదు, ఉన్నా నామమాత్రం. గతేడాది కార్యక్రమం తెరిచి అందులో నువ్వు చదివిన వ్యాసాలు రాసినవాళ్లు ఉన్నారో లేదో చూడు.

ఎంపికైనాక నీకు 30 నిమిషాలు ఇస్తే 20 చదవడానికి, 10 ప్రశ్నలకు. నిమిషానికి 120 పదాలు వేసుకుంటే 2,400 పదాలు. భయం పట్టుకుంటే వేగం పెరుగుతుంది, వినేవాళ్లకు మన ఉచ్చారణ కొత్త, కాబట్టి 2,200కే ఆపు. నిలబడి, గడియారం పెట్టుకుని, గట్టిగా చదివి చూడు. ఉటంకింపులన్నీ నంబర్లు వేసి ఒక ఏ4 కాగితం రెండు వైపులా అచ్చు వేయించి 30 ప్రతులు తీసుకుపో. ఈ రంగంలో స్లైడ్ల కంటే ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది, ప్రశ్న అడిగేవాళ్లు ‘మీ మూడో భాగంలో’ అని అడుగుతారు. కొన్ని సభల్లో చెయ్యి ఎత్తితే కొత్త ప్రశ్న, వేలు ఎత్తితే ఇప్పుడు నడుస్తున్న ప్రశ్నకే కొనసాగింపు. అడిగిందంతా రాసుకో. తెలియకపోతే ఆ భాగం మళ్లీ చూడాలి అను, ఎవరూ తప్పు పట్టరు.

వీసాకు నెల చాలదు. బ్రిటన్ విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందునుంచి దరఖాస్తు చేయొచ్చు, మామూలుగా మూడు వారాలు పడుతుంది. షెంగెన్‌కు, అంటే ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసాకు, ఆరు నెలల ముందునుంచి, కనీసం 15 రోజుల ముందు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బ్రిటన్ వేలిముద్రలకు మీకు హైదరాబాదు కంటే బెంగళూరు దగ్గర. షెంగెన్‌కు మన జిల్లా ఏ కేంద్రం కిందికి వస్తుందో ముందే చూసుకో. ఆహ్వానపత్రంలో నీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇక్కడే చిక్కు వస్తుంది. పేపర్ శీర్షిక, తేదీలు, ఏ ఖర్చు ఎవరిదో కూడా అందులో రాయించు. దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో ఒక్కసారిగా రెండు లక్షలు వేస్తే అనుమానిస్తారు. అన్నకు చెప్పు, వేసేదేదో ఆరు నెలల ముందే వేయమను, ఎక్కడిదో కాగితం పెట్టమను.

సొసైటీలు ఇచ్చే ప్రయాణ సాయం చాలావరకు పోయొచ్చినాక ఇచ్చేది. టికెట్టు, బోర్డింగ్ పాస్, హోటల్ రసీదు దాచుకోవాలి, విదేశాల నుంచి డబ్బు రావడానికి బ్యాంకు స్విఫ్ట్ కోడ్ సిద్ధంగా ఉండాలి. అంటే ముందు డబ్బు మనమే పెట్టాలి. భారతీయ తత్వశాస్త్ర పరిశోధన మండలికి అర్జీ పెట్టు. అంగీకార పత్రం లేకుండా అర్జీ కదలదు కాబట్టి తొందరగా జవాబిచ్చే సెమినార్లను ఎంచుకో. ఈ లోపల 1925 నుంచి నడుస్తున్న ఇండియన్ ఫిలసాఫికల్ కాంగ్రెస్‌లో ఇదే పేపర్ ఒకసారి చదువు. ప్రశ్నలు తట్టుకోవడం అక్కడే అలవాటవుతుంది.

జూన్ ఉత్తరం మీద 300 పదాలు రాసి నాకు పంపు. గైడుకు చూపించకముందే పంపినా సరే, ఎర్రసిరాతో తిప్పి పంపుతా.

మీ అత్త