సుజాతకు, కోతల మధ్య అమ్మ రాసేది

చి. సుజాతకు అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమనే తలుస్తున్నాను. తలచడమే గాని తెలిసే దారి లేదు. ఫోను చేస్తే "రైతు సేవా కేంద్రం పనిమీద పొలాల్లో ఉన్నానమ్మా, రాత్రికి చేస్తాను" అంటావు. నీకు రాత్రి ఎప్పుడవుతుందో ఆ ఉదయగిరి కొండకే తెలియాలి. అందుకే కాగితం పట్టుకున్నాను. ఫోనైతే మధ్యలో పెట్టేస్తావు, కాగితాన్ని అలా పెట్టేయలేవు కదా.

కోతలు మొదలయ్యాయి. కాలువ పక్క కయ్యలు అయిపోయాయి. మిషను రేపు అవ్వ చేలోకి దిగుతుంది. మిషనతను గంటకు పోయిన ఏటికంటే ఎక్కువ అడుగుతున్నాడని మీ నాయన గట్టు మీద నిలబడి పొద్దుపోయేదాకా వాదించి, చివరికి అతను అడిగినంతా ఇచ్చి వచ్చారు. ధాన్యం పచ్చిగా ఉందని దళారి ధర తగ్గిస్తున్నాడు. పుట్టి అంటే 850 కిలోలని మన జిల్లాలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. అయినా తేమ పేరు చెప్పి ఇంకొన్ని కిలోలు లాగుదామని చూస్తాడు. అందుకని రోడ్డు పక్కన పట్టలు పరిచి ఆరబోశాం. నేను అక్కడే కూర్చుని, పక్కింటి మేకలను అదిలిస్తూ ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే మేకలను అను.

లక్ష్మీకాంతం అత్తకు కంటి ఆపరేషన్ బాగా జరిగింది. నెల్లూరు నుంచి వస్తూ ఆత్మకూరు బస్టాండులో నిన్ను చూసిందట. కంటికి కట్టు ఉన్న మనిషి మాట నేనెందుకు పట్టించుకుంటాను? కానీ నీ ఆకుపచ్చ చుడీదారు, భుజాన నల్ల సంచి, చేతిలో పురికొస కట్టిన పుస్తకాల కట్ట, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఒక కంటితోనే ఇంత చూసిందంటే రెండోదీ బాగుపడ్డాక ఊళ్లో ఎవరి గుట్టూ దాగదు. ఉదయగిరి బస్సు ఆకాశంలో వెళ్లదు, మన బుచ్చి మీదుగానే వెళ్లాలి. సరేలే, ఏదో పని ఉండి ఉంటుంది. నేనేమీ అడగడం లేదు.

గేదె ఈనింది. పెయ్య దూడ.

అత్త ఆ మాట నాతోనే చెప్పి ఊరుకుంటే బాగుండేది. మీ చిన్నమామ చెవిన వేసింది. ఆయన దానికి కాళ్లూ చేతులూ చేర్చాడు. నువ్వు ఉద్యోగం మానేస్తున్నావట. దూరవిద్యలో ఏదో పీజీ కట్టావట. వ్యవసాయంలో దూరవిద్య డిగ్రీలు చెల్లవని విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2019లోనే తేల్చేసిందట, డబ్బు కాలువలో పోసినట్టేనట. అన్ని అటలూ మీ నాయన భోజనానికి కూర్చున్నప్పుడే చెప్పాడు. ఆయన ఒక్క మాటా అనలేదు. మజ్జిగ పోసుకోకుండా లేచారు.

ఆ తర్వాత, ఈ కోతలయ్యాక వేసే ఎడగారు పంటకు విత్తనాల సంగతి కనుక్కుందామని నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లాను. విత్తనాల కోసమే వెళ్లాను. మాటల్లో మాటగా అక్కడి మేడమ్‌ను అడిగాను. చిన్నమామ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదట, పూర్తిగా నిజమూ కాదట. వ్యవసాయ డిగ్రీకి ప్రయోగశాల, పొలం పని ఉండాలి, ఇంట్లో కూర్చుని చదివితే రాదు కాబట్టి దాన్ని దూరవిద్యలో ఇవ్వొద్దన్నారట. ఇగ్నో అనే దూరవిద్య విశ్వవిద్యాలయం వాళ్ల విస్తరణ, అభివృద్ధి అధ్యయనాల ఎం.ఏ. అయితే అది వేరట. రైతుకు విషయం ఎలా చేరవేయాలి, ఊళ్లో మార్పు ఎలా వస్తుంది అనే చదువట. పట్టా చెల్లుతుంది గాని దాన్ని ఎం.ఎస్సీ. అగ్రికల్చర్ కింద లెక్కవేయరట, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి అది పనికిరాదని ఆమె గట్టిగానే చెప్పింది. బాపట్ల వ్యవసాయ కాలేజీలో నాలుగేళ్లు చదివినదానివి, ఇదంతా నీకు తెలియక కాదు. నువ్వు కట్టింది ఏదో, దాంతో ఏం చేయాలనుకుంటున్నావో నాకు ఒక ముక్క రాయి. చిన్నమామకు నేను జవాబు చెప్పుకోవాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో మేనేజ్ అనే సంస్థ ఉందట, విస్తరణ పనిలో ఉన్నవాళ్లకు దూరవిద్యలోనే ఏడాది డిప్లొమా ఇస్తుందట. అది చాలదా అని అడిగితే "మీ అమ్మాయికి మాస్టర్స్ కావాలేమో" అని మేడమ్ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పట్లో ఎం.ఎస్సీ. సీటు సంగతి నీ మనసులో ఇంకా ఉందేమో. తాత ఆస్పత్రి, మీ అన్న పెళ్లి, ఆ ఏడు నీళ్లు రాకపోవడం, అన్నీ నీ కళ్లముందే జరిగాయి. ఇప్పుడు మళ్లీ తవ్వను.

తాత అంటే గుర్తొచ్చింది. అవ్వ నాకు ఎన్నోసార్లు చెప్పిన కథ నీకు చెప్పానో లేదో. చెప్పి ఉంటే మళ్లీ చదువు.

ఐఆర్ 8 అనే పొట్టి వరి వచ్చిన కొత్త. 1967 ప్రాంతం. అప్పటిదాకా మన ఊళ్లో అందరివీ మొలగొలుకుల వడ్లే. ఆరు నెలల పంట, నిలువెత్తు పైరు, కాస్త ఎరువు ఎక్కువైతే పడిపోయేది. ఒక గ్రామసేవకుడు సైకిలు మీద విత్తనాల సంచి కట్టుకుని వచ్చాడట. తాత చుట్టూ చాలాకాలం తిరిగాడు. పోరు పడలేక తాత మురుగు కాలువ పక్కన, ఏం వేసినా సరిగా పండని కయ్య చూపించారు. దాన్లో తాడు పట్టి వరుసల్లో నాటించాడు ఆయన. నాటే ఆడవాళ్లు నవ్వి నవ్వి, వరుసకు నాటాలంటే కూలి పెంచమన్నారు. పెంచింది తాతే, గ్రామసేవకుడు కాదు. పైరు మోకాలు దాటి పెద్దగా పెరగలేదు. ఊరంతా వచ్చి చూసి వెక్కిరించి పోయేవారట. కోసి నూర్చాక ఎవరికీ నోరు పెగల్లేదు. అంత ధాన్యం ఆ కయ్య ఎన్నడూ ఇచ్చింది లేదు.

ఇక చూడు, జీపులో ఆఫీసర్లు, దండలు. తాతను మాట్లాడమంటే లేచి "బాగా పండిందయ్యా" అని కూర్చున్నారు. భోజనాలు మనింట్లోనే. అవ్వ ఆ కొత్త బియ్యమే తెల్లవారకముందే వండి, చల్లారబెట్టి, మధ్యాహ్నం అందరికీ అదే వడ్డించింది. గోంగూర, నెయ్యి, చేపల పులుసు, దేనికీ లోటు లేదు. అన్నం మాత్రం గట్టిపడి గింజకు గింజ అంటకుండా ఉంది. జీపులో వచ్చినవాళ్లు చాలాసేపు నమిలారట. ఎవరూ ఏమీ అనలేదు. అవ్వ తలుపు చాటు నుంచి "పొలానికి పోయేవాళ్లకు మేం రోజూ పొద్దున పెట్టేది రాత్రి వండిన అన్నమే కదండీ" అందట. ఆ తర్వాత "మరి గేదెకు గడ్డి?" అని కూడా అడిగింది. పొట్టి పైరుకు గడ్డి ఎక్కడిది?

జీపు వెళ్లిపోయింది. గ్రామసేవకుడు మర్నాడు ఒక్కడే మళ్లీ వచ్చాడు. అరుగు మీద కూర్చుని, వరి ఎలా ఉండాలో చెప్పమని అవ్వను అడిగి, ఆవిడ చెప్పిందల్లా నోటుబుక్కులో రాసుకున్నాడు. తాతను కాదు, అవ్వను. గడ్డి ఎంత పొడుగు, నూకలు ఎంత, చద్దన్నం ఎలా ఉండాలి, అన్నీ. తర్వాత ఆయనను ఎక్కడికో బదిలీ చేశారు. ఆ నోటుబుక్కు ఏమైందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మనం పండించే నెల్లూరు మహసూరి అవ్వ చూసి ఉంటే ఏ వంక పెట్టేదోనని నేను అనుకుంటూ ఉంటాను. ఏదో ఒకటి పెట్టేది.

ఆయన ఏ ఎం.ఏ.నూ చదివి ఉండడు. చదివి ఉంటే విత్తనం తెచ్చే ముందే అరుగు మీద కూర్చునేవాడేమో, అది కూడా నేను కాదనను. నీ పుస్తకాల్లో ఈ సంగతి ఉందా? ఉంటే ఏ పేపరులో ఉందో చూసి చెప్పు. నువ్వూ ఈ-క్రాప్ పంట నమోదు అంటూ ఫోనులో పొలం ఫొటో తీసుకుని వచ్చేయకు. ఆ ఇంట్లో ఆడమనిషిని పలకరించు. ఉదయగిరి మెట్టలో మినుము వేసేవాళ్లకు ఏం కావాలో బుచ్చి వరి లెక్కతో చెప్పకు. రైతుకు తెలియదని అనుకోకు, అంతా తెలుసనీ అనుకోకు. సలహాలు చెప్పొద్దనుకునే మొదలుపెట్టాను. ఇంతటితో ఆపుతాను.

ఉద్యోగం మాత్రం మానకు. ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువట, 4 క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. రైతు సేవా కేంద్రంలో ధాన్యం రిజిస్ట్రేషన్లు, యూరియా కోసం వరుసలు, ఇవన్నీ పెట్టుకుని ఆ గంటలు ఎక్కడినుంచి తెస్తావు? నిద్రలోంచే తెస్తావు, నాకు తెలుసు. ఎం.ఏ. రెండేళ్లలోనే ముగించాలని లేదట, నాలుగేళ్ల దాకా గడువు ఉంటుందట. మెల్లగా చదువు, తొందరేముంది? రాత్రి పదకొండు దాటాక పుస్తకం మూసెయ్. కళ్లజోడు మార్పించుకున్నావా? బండి మీద వెళ్లేటప్పుడు నీళ్ల సీసా పెట్టుకుంటున్నావా? ఎండలు ముదురుతున్నాయి.

అసైన్‌మెంట్లు చేత్తో రాయాలట, వాటికి 30 శాతం మార్కులట. ఇచ్చే ముందు ప్రతి కాగితమూ జిరాక్సు తీయించి పెట్టుకో, ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకో. గడువు పొడిగిస్తారులే అని ఆగకు. చిన్నప్పుడు ఫీజు కట్టడానికి కూడా ఆఖరు రోజుదాకా ఆగేదానివి. జూన్ పరీక్షలు నెల్లూరులోనే అయితే ముందురోజు ఇక్కడ దిగు, పొద్దున్నే నాయన బండి మీద దింపుతారు. ఆయన నీ మీద కోపంగా ఉన్నారు, చూసీచూడనట్టు ఉండు.

ఉదయగిరి బస్సులో కండక్టరు చేతికి సంచి ఇచ్చి పంపుతున్నాను. పాత బియ్యం, నిమ్మకాయ ఊరగాయ, వేరుశనగ ఉండలు ఉన్నాయి. కొత్త బియ్యం ముద్దవుతుందని పంపలేదు. సంచి మీ నాయన బుచ్చిలో కొన్నారు, జిప్పు ఉంది, అడుగున అట్ట కూడా ఉంది. పుస్తకాలకు పురికొస ఏమిటి అని గొణుక్కుంటూ తెచ్చారు. ఊరగాయ మీద నూనె తేలేలా చూసుకో, తడి గరిటె పెట్టకు. స్టీలు డబ్బాలు తిరిగి పంపు, పోయినసారివి కూడా నీ దగ్గరే ఉన్నాయి.

ఆశీస్సులతో,
అమ్మ